జులైలో దండ, జూన్‌లో లెక్క

జులై వచ్చిందంటే నరసాపురం దగ్గర వశిష్ఠ గోదావరికి ఎర్రనీరు తగులుతుంది. సరిగ్గా అప్పుడే ఊళ్ళో కల్యాణ మండపాల ముందు కొత్త ఫ్లెక్సీలు లేస్తాయి. లయన్స్, రోటరీ క్లబ్బులకు సంవత్సరాది జులై 1. మరుసటి ఏడు జూన్ 30తో పదవులన్నీ దిగిపోతాయి. అందుకని ఈ నెలంతా డెల్టాలో ఏ ఊరికి వెళ్ళినా ప్రమాణ స్వీకారాల హడావుడే. దిగిపోయే అధ్యక్షుడు తన మెడలోని కాలర్ తీసి కొత్త అధ్యక్షుడి మెడలో వేస్తాడు. శాలువాలు, పూలదండలు, మెమెంటోలు, పొరుగూరి నుంచి వచ్చిన ముఖ్య అతిథి ఉపన్యాసం, ఆనక భోజనాలు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఫొటో.

ఆ ఫొటో చూసి పెదవి విరిచేవాళ్ళకు కొదవలేదు. ‘దండల కోసం, పరిచయాల కోసం చేరతారు, సేవేముందిలే’ అన్నది టీకొట్టు దగ్గర ఎప్పుడూ వినబడే మాటే. అందులో నిజం లేకపోలేదు. కానీ దండ ఒక్క పూట ముచ్చట. ఆ తరవాత ఏడాది పొడుగునా చందా కట్టాలి, మీటింగులకు వెళ్ళాలి, ఆదివారం పొద్దున్నే ఏ హైస్కూలు వరండాలోనో బల్లలు సర్దాలి, ఆసుపత్రి బస్సు ఇంకా రాలేదేమని డ్రైవరుకు ఫోన్లు చెయ్యాలి. జీతం లేదు, లాభం లేదు. అయినా ఇరవై, ముప్ఫై ఏళ్ళపాటు ఒకే క్లబ్బులో ఉండిపోయినవాళ్ళు దాదాపు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తారు. వాళ్ళను కట్టిపడేసేది ఏమిటి?

చేరడం సంగతి ముందు చూద్దాం. ఈ క్లబ్బుల్లోకి దరఖాస్తు పెట్టుకుని వెళ్ళేవాళ్ళు తక్కువ. ఎవరో ఒకరు పిలవాలి, తమ పూచీ మీద ప్రతిపాదించాలి. నరసాపురం లాంటి ఊళ్ళో ఆ పిలుపు కోర్టు ఆవరణలో రావచ్చు, మందుల షాపు కౌంటర్ దగ్గర రావచ్చు, కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో రావచ్చు. ‘ఓసారి వచ్చి చూడండి మాష్టారూ, నచ్చకపోతే మానేద్దురు గాని’ అంటారు. ‘ఆయ్, అలాగేనండి’ అని మాట ఇచ్చేస్తారు. అడిగినాయన మీద గౌరవంతోనో, మొహమాటంతోనో మొదటి మీటింగుకు వెళ్తారు. బదిలీ మీద ఊరికి కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరుకైతే నలుగురిని పరిచయం చేసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి దొరకదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన డాక్టరుకూ, అప్పుడే బోర్డు కట్టిన ఆడిటరుకూ అంతే. సేవ చెయ్యాలన్న ఉబలాటంతో వచ్చేవాళ్ళూ ఉంటారు. అయితే తొలి అడుగు వేయించేది చాలావరకు స్నేహమే.

ఇదేదో మన దగ్గర పుట్టిన లోపం అనుకోనక్కర్లేదు. అసలు రోటరీ మొదలే అలా జరిగింది. పాల్ హారిస్ అనే లాయరు అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు పల్లెటూళ్ళో తాతగారి ఇంట పెరిగాడు. 1896లో షికాగో వచ్చి ప్రాక్టీసు పెట్టాడు. పని దొరికింది గానీ పలకరించేవాళ్ళు దొరకలేదు. ఆదివారాలు మరీ దుర్భరంగా ఉండేవి. 1905 ఫిబ్రవరి 23న ఒక బొగ్గు వ్యాపారిని, ఒక గనుల ఇంజినీరును, ఒక దర్జీని కూర్చోబెట్టుకుని చిన్న క్లబ్బు మొదలుపెట్టాడు. ఒక్కో వారం ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు. ఒక్కో వృత్తి నుంచి ఒక్కరే సభ్యుడు, ఒకరి గిరాకీ మరొకరికి అందించుకోవాలి అన్నది అప్పటి ఒప్పందం. సేవ అన్న ఊసే లేదు.

మరుసటి ఏడాది డొనాల్డ్ కార్టర్ అనే పేటెంట్ల లాయరును చేరమని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. తమలో తాము లాభపడటం తప్ప ఊరికి పనికొచ్చేది ఏదీ చెయ్యని సంఘానికి భవిష్యత్తు లేదని మొహమాటపడకుండా చెప్పేశాడు. ఆ మాట తగిలింది. క్లబ్బు నియమావళిలో పౌరసేవ వచ్చి చేరింది, కార్టరూ వచ్చి చేరాడు. 1907లో ఆ క్లబ్బు చేపట్టిన తొలి ప్రజాకార్యం షికాగో నగరంలో మరుగుదొడ్లు కట్టించాలన్న ఉద్యమం. ఇప్పుడు ప్రపంచమంతా సుమారు 12 లక్షల మంది ఉన్న రోటరీ సేవా ప్రస్థానం అలా పబ్లిక్ లెట్రిన్ దగ్గర మొదలైంది.

లయన్స్‌దీ దాదాపు ఇదే తీరు. మెల్విన్ జోన్స్ షికాగోలో ఇన్సూరెన్సు ఏజెంటు. తాను సభ్యుడిగా ఉన్న వ్యాపారుల క్లబ్బు సొంత లాభం దాటి ఆలోచించాలని పట్టుబట్టి, అలాంటి మరికొన్ని క్లబ్బులను 1917లో ఒకచోట చేర్చాడు. 1925లో ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో జరిగిన లయన్స్ మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చి, అంధత్వం మీద పోరాటాన్ని తలకెత్తుకోమని కోరింది. ఆ రోజు నుంచి కంటి సేవ లయన్స్‌కు ఇంటిపని అయింది.

మన దేశంలో రోటరీ 1919లో కలకత్తాలోనూ, లయన్స్ 1956లో బొంబాయిలోనూ అడుగుపెట్టాయి. 1961లో హైదరాబాదులో ఆర్యవైశ్యుల కోసం వాసవీ క్లబ్బు పుట్టింది. ఆ పేరుకు మూలమైన వాసవీ అమ్మవారి క్షేత్రం పెనుగొండ నరసాపురానికి దూరమేమీ కాదు, ఉన్నది పశ్చిమ గోదావరి జిల్లాలోనే.

అయితే గోదావరి జిల్లాలకు దానం ఎవరూ నేర్పనక్కర్లేదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో కన్నుమూసేదాకా వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళకు వచ్చినట్టు వండిపెట్టింది. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో పెళ్ళివారి బృందం ఆకలితో తన ఇంటికే వస్తోందని తెలిసి పల్లకీ వెనక్కి తిప్పించిందని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. నరసాపురంలోనే చూస్తే 1949లో ఏర్పడిన వై.ఎన్. కాలేజీ ఎర్రమిల్లి నారాయణమూర్తి గారి పేరుతో నడుస్తోంది. 1836 ప్రాంతంలో ఇక్కడికి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీల తరవాత వచ్చినవాళ్ళు బడులు, ఆసుపత్రులు పెట్టారు.

సీతమ్మ గారి ధర్మం ఆమె పొలాల మీద, ఆమె ఓపిక మీద నడిచింది. జమీందారు ధర్మం అతని తరం ఉన్నంతకాలం నడిచింది. క్లబ్బు తెచ్చిన కొత్త సంగతి ఏమిటంటే, ఆ బరువును ముప్ఫై నలభై మంది మధ్య పంచడం, ఏడాదికొకరి చేతికి పగ్గాలు ఇవ్వడం. ఎంత మంచివాడైనా అధ్యక్షుడు జూన్ 30న దిగాల్సిందే. వందల ఎకరాలు ఉన్నవాడే దాత కానక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపు నడుపుకునే మనిషి కూడా తన వంతు చందాతో, తన ఆదివారంతో ఒక ధర్మకార్యానికి కర్త కావచ్చు.

ఆ పని ఎలా ఉంటుందో తెలియాలంటే కంటి శిబిరం చూడాలి. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పిన ఈ కుట్టుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సన్నటి దారం, కొక్కెం సూది, అరుగు మీద మధ్యాహ్నపు వెలుతురు, అంతే సరంజామా. నలభై దాటేసరికి దగ్గరి చూపు మందగించడం ఎవరికైనా మామూలే. లేసు అల్లే మనిషికి మాత్రం అది కూలి తగ్గిపోవడం. అరవై దాటాక శుక్లం వచ్చిందంటే సూది పక్కన పెట్టాల్సిందే.

శిబిరానికి రెండు రోజుల ముందు ఆటోకు మైకు కట్టి ఊరూరా తిప్పుతారు. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికే స్కూలు వరండాలో వరస కడతారు. సభ్యుల్లో ఒకరు పేరు, ఊరు, ఫోను నంబరు రాసుకుంటారు. ఫోను లేనివాళ్ళు చీరకొంగు ముడిలోంచి కొడుకు నంబరున్న కాగితం తీసి ఇస్తారు. చదువు రానివాళ్ళ కోసం గోడకు మూడు కాళ్ళ గుర్తు నాలుగు వైపులా తిప్పి గీసిన అట్ట వేలాడుతుంటుంది. కాళ్ళు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు. బీపీ, షుగరు చూస్తారు. కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కళ్ళు మూసుకోమని బెంచీల మీద కూర్చోబెడతారు. కళ్ళజోడుతో సరిపోయేవాళ్ళకు జోడు రాసిస్తారు. శుక్లం ముదిరినవాళ్ళను బస్సెక్కించి కంటి ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఒకప్పుడు బడి గదుల్లోనే ఆపరేషన్లు చేసేవారు. చీము పట్టే ప్రమాదం ఉండటంతో ఇప్పుడు శిబిరంలో పరీక్ష వరకే, కోత ఆసుపత్రిలోనే.

డాక్టరు పని అక్కడితో సగం అయినట్టే. క్లబ్బు మనిషి పని అప్పుడే మొదలవుతుంది. ‘నాకు భయమండి, వచ్చే ఏడు చేయించుకుంటాను’ అని బస్సు మెట్టు మీద ఆగిపోయిన మామ్మను ఒప్పించాలి. తోడు వచ్చేవాళ్ళకు భోజనం చూడాలి. నల్ల కళ్ళజోడు పెట్టుకుని తిరిగొచ్చాక, వారానికి ఫోను చేసి చుక్కలు వేసుకుంటున్నారా, తలమీద నీళ్ళు పోసుకోలేదు కదా అని అడగాలి. రెండో కన్ను ఎప్పుడో రాసిపెట్టుకోవాలి. ఇలా రెండు మూడు శిబిరాలు చూసినవాడికి క్లబ్బు అంటే పేపర్లో ఫొటోగా కనిపించడం మానేస్తుంది. బజారులో ఎవరో ఒకావిడ ఆపి ‘బాబూ, సూదిలో దారం నేనే ఎక్కించుకుంటన్నానండి’ అంటే, ఆ సంవత్సరపు చందా గిట్టుబాటు అయినట్టే లెక్క.

మనుషులు స్వచ్ఛంద సేవలోకి ఎందుకు వస్తారన్నది మనస్తత్వ శాస్త్రవేత్తలూ పరిశీలించారు. గిల్ క్లారీ, మార్క్ స్నైడర్, వారి సహచరులు 1998లో ఆరు కారణాలు లెక్క తేల్చారు. నమ్మిన విలువల కోసం, కొత్తవి నేర్చుకోవడానికి, నలుగురితో కలిసి ఉండటానికి, వృత్తికి పనికొచ్చే పరిచయాలకు, మనసులోని దిగులు మరచిపోవడానికి, తన మీద తనకు గౌరవం పెరగడానికి. చాలామందిలో ఇవి ఒకటికి రెండు కలిసే ఉంటాయి. అంతకు ముందు 1995లో ఆలెన్ ఒమోటోతో కలిసి స్నైడర్ మరో పరిశోధన ప్రచురించాడు. అమెరికాలో ఎయిడ్స్ రోగులకు తోడుగా పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలను గమనించి చేసిన పరిశోధన అది. జాలి, త్యాగం కన్నా నేర్చుకోవాలనో, ఎదగాలనో సొంత కారణాలతో వచ్చినవాళ్ళే ఎక్కువ కాలం నిలిచారని తేలింది. చేసే పనిలో తృప్తి ఉన్నవాళ్ళూ నిలిచారు.

టీకొట్టు విమర్శకు ఇది కొంత సమాధానం. సొంత కారణంతో రావడం తప్పు కాదు. ఆ కారణం తీరే చోట ఊరి పని కూడా జరిగితే మనిషి వెళ్ళిపోడు.

తీరే కారణాల్లో పెద్దది స్నేహం. పట్టణంలో మధ్యవయసు మనిషి ప్రపంచం తెలియకుండానే కుంచించుకుపోతుంది. ఇల్లు, షాపు, బంధువులు, సొంత కులపు పెళ్ళిళ్ళు. తన వ్యాపారంలోని వాళ్ళు పోటీదారులు, తనకింద పనిచేసేవాళ్ళు స్నేహితులు కాలేరు. క్లబ్బు మీటింగులో డాక్టరు పక్కన రొయ్యల మేత డీలరు కూర్చుంటాడు, రిటైరైన హెడ్మాస్టారి పక్కన ఆయన దగ్గరే చదువుకున్న లాయరు కూర్చుంటాడు. గంట కొడతారు, ప్రార్థన అవుతుంది, కార్యదర్శి పాత మినిట్స్ చదువుతాడు, ఆ వారం పుట్టినరోజు వచ్చినవాళ్ళ చేత కేకు కోయిస్తారు. లయన్స్‌లో టెయిల్ ట్విస్టర్ అని ఒక పదవి ఉంది. ఆలస్యంగా వచ్చినందుకు, పిన్ను పెట్టుకోనందుకు, కొత్త కారు కొన్నందుకు కూడా సరదాగా జరిమానా వసూలు చెయ్యడం ఆయన పని. ఊళ్ళో అందరూ లేచి నమస్కారం పెట్టే పెద్దమనిషి ఇక్కడ పది రూపాయల ఫైను కట్టి నవ్వుతాడు. ఆయనకు ఆ నవ్వు దొరికే చోటు మరొకటి ఉండకపోవచ్చు.

రాజకీయ పార్టీల గొడవలు, మతాల వాదాలు క్లబ్బులో చర్చకు పెట్టకూడదని లయన్స్ లక్ష్యాల్లోనే రాసుంది. ఎన్నికల కాలంలో డెల్టాలో ఊళ్ళకు ఊళ్ళే రెండుగా చీలిపోతాయి. అలాంటప్పుడు రెండు పార్టీల వాళ్ళూ ఒక బల్ల దగ్గర కూర్చుని చలివేంద్రం ఎక్కడ పెట్టాలో మాట్లాడుకోవడం తక్కువ సంగతేమీ కాదు.

మరో కారణం, తన చిన్న చెయ్యి పెద్ద పనిలో కలిసిందన్న తృప్తి. 1985లో రోటరీ పోలియోను తుదముట్టించే పథకం చేపట్టింది. 1988 నాటికి 125 దేశాల్లో ఏటా మూడున్నర లక్షల మందికి ఆ జబ్బు వస్తుండేది. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. ఆ ఆదివారాల్లో ప్రభుత్వ సిబ్బంది పక్కన క్లబ్బుల వాళ్ళు టోపీలు పెట్టుకుని బూత్‌ల దగ్గర కూర్చున్నారు. రెండు చుక్కలు పడ్డాక పిల్లవాడి ఎడమ చేతి చిటికెన వేలికి గుర్తు పెట్టే మార్కరు పెన్ను పట్టుకున్నవాళ్ళు దేశమంతటా వేలమంది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో కనబడిందే దేశంలో చివరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించింది. ఆ పెన్ను పట్టుకున్న కిరాణా వ్యాపారికి ఇది ఎక్కడో జరిగిన వార్త కాదు. అతను చేసిన పని.

గోదావరి జిల్లాల్లో క్లబ్బులకు మరో పరీక్ష ఉంది. కొత్త కార్యవర్గం జులైలో పదవిలోకి వస్తుంది. వరద కూడా జులై, ఆగస్టుల్లోనే వస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారింది. 2022లో జులై నడిమికే 25 లక్షలు దాటి, ఆచంట, యలమంచిలి మండలాల లంక గ్రామాలు నీట మునిగాయి. దండ ఇంకా వాడకముందే అధ్యక్షుడు పులిహోర పొట్లాలకు, మంచినీళ్ళ ప్యాకెట్లకు, పడవలకు పరుగెత్తాలి. అప్పుడు తెలుస్తుంది క్లబ్బు విలువ. బియ్యం మిల్లరు, వ్యాను యజమాని, వంటమేస్త్రి నంబరు తెలిసిన క్యాటరింగ్ మనిషి, తహసీల్దారుతో మాట్లాడగల లాయరు, అందరూ ఒకే జాబితాలో ఉంటారు. కొత్తగా ఎవరినీ బతిమాలనక్కర్లేదు.

ఇంతా చెప్పాక, వెళ్ళిపోయేవాళ్ళ సంగతీ చెప్పాలి. ప్రతి క్లబ్బులోనూ ఏడాది తిరగకుండా మానేసేవాళ్ళు ఉంటారు. వాళ్ళు చెప్పే కారణాలు దాదాపు ఒకటే. చేరాక ఎవరూ పని చెప్పలేదు. పాత కాపుల ముఠా కొత్తవాళ్ళను దగ్గరికి రానివ్వలేదు. పంచింది పది దుప్పట్లు, ఎక్కిన ఫొటోలు ఇరవై. ఖర్చు తలకు మించింది. పదవుల దగ్గర కులం లెక్కలు వచ్చాయి. ఇందులో ఏ ఒక్కటీ సేవ మీద విరక్తి కాదని గమనించాలి. తనకంటూ పని లేకపోవడం, తనవాళ్ళు అనుకునే మనుషులు దొరకకపోవడం, అంతే.

డబ్బు మీద అనుమానం కూడా మనుషులను దూరం చేస్తుంది. ఇందుకు లయన్స్‌లో ఒక కట్టుబాటు ఉంది. సభ్యుల చందాలతో నడిచే నిర్వహణ ఖాతా వేరు, ప్రజల దగ్గర వసూలు చేసిన సేవా ఖాతా వేరు. రెండో దానిలోంచి భోజనాల ఖర్చుకు పైసా తియ్యకూడదు. జూన్ చివర్లో కోశాధికారి ఈ రెండు లెక్కలూ సభ్యుల ముందు చదివే క్లబ్బులో మనుషులు నిలుస్తారు. చదవని చోట ముందు గుసగుసలు, ఆ తరవాత రాజీనామాలు.

ఆడవాళ్ళ విషయంలో ఈ సంస్థలు చాలాకాలం వెనకబడే ఉన్నాయి. కాలిఫోర్నియాలోని డ్యుయార్టీ రోటరీ క్లబ్బు ముగ్గురు మహిళలను చేర్చుకున్నందుకు సంస్థ నుంచి వెలి పడింది. వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1987లో క్లబ్బు గెలిచింది. అదే ఏడు లయన్స్ కూడా తలుపులు తెరిచింది. 2022లో గానీ రోటరీకి తొలి మహిళా అధ్యక్షురాలు రాలేదు. మన పట్టణాల్లో నేటికీ భార్యలు విడిగా ఇన్నర్‌వీల్‌లోనో, వాసవీ వనితా క్లబ్బులోనో ఉండటమే ఎక్కువ. లేసు వ్యాపారంలో పల్లె పల్లెకూ దారం పంచి, లెక్కలు చూసి, సరుకు రాబట్టే ఆడవాళ్ళున్న ఊరు నరసాపురం. అంత నేర్పున్నవాళ్ళను క్లబ్బులు ఎంతవరకు పిలిచాయన్నది వేరే ప్రశ్న.

ఇంకో చిక్కు కుర్రవాళ్ళు. చదువు అవగానే నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్ళిపోతారు. ఊళ్ళో ఉన్న కొద్దిమంది క్లబ్బుల కోసం ఎదురుచూడకుండా సొంతంగా పని మొదలుపెడుతున్నారు. ఎవరికైనా రక్తం కావాలంటే ఇప్పుడు ముందు మోగేది వాట్సాప్ గ్రూపే. ఏ గ్రూపు రక్తం ఎవరిది, ఆఖరిసారి ఎప్పుడిచ్చారు, మగవాళ్ళకు మూడు నెలలు, ఆడవాళ్ళకు నాలుగు నెలలు గడువు నిండిందా లేదా అన్నది అడ్మిన్ కుర్రాడికి నోటికి వచ్చు. వారంవారం హాజరు తప్పనిసరి అన్న పాత పట్టుదలను రోటరీ 2016లో సడలించింది. నెలకు రెండుసార్లు కలిసినా చాలు, ఆన్‌లైన్‌లో కలిసినా సరే. అయినా ఆ అడ్మిన్‌ను క్లబ్బులోకి రమ్మని పెద్దలు అడిగితే, అతను చందా ఎంత అని గానీ పదవి ఏమిటని గానీ అడగడు. ‘మీటింగు ఎంతసేపండీ? మధ్యలో ఫోనొస్తే బ్లడ్ బ్యాంకుకు వెళ్ళిపోవచ్చా?’ అని అడుగుతాడు.